ఆఖరి పోటీ తీర్పు

ఈ అడవికంతటికీ పెద్ద న్యాయమూర్తిని నేనే. అంటే, పొట్టేళ్ల ఆఖరి పోటీ రోజున పని లేకుండా కూర్చున్న ఉడుతను నేనొక్కణ్ణే అనుకోండి.

మా దగ్గర ముందు కూలినవాడు ఓడినట్టు. చెట్టు మీది సాక్షి మాటే తీర్పు.

రోజూ తెల్లవారగానే మంచులోంచి ఇద్దరు వీరులు నా కొమ్మ కిందికొస్తారు.

"నావి ముప్పై ఒక్క గెలుపులు. దున్నపోతునే పడగొట్టాను," అంటాడు కరికొమ్ము.

"నావీ ముప్పై ఒకటేరా! నువ్వు గుద్దేటప్పుడు ఆ దున్న నిద్రపోతోంది," అంటాడు మెలికొమ్ము.

చలిలోనూ వాళ్ల నోట ఆవిరి రాదు. కాళ్ల కింద గడ్డి వంగదు. ఆ పక్కనే, పోటీలో ఇద్దరూ కూలిన చోట, రెండు పుర్రెలు కొమ్ములు చిక్కుకుని పడున్నాయి.

"ఒరే బుడతా, ముందు కూలిందెవరు? అది తేలితేగాని మాకు నిద్ర లేదు," అంటారిద్దరూ.

"రేపు చెబుతా మావా!" ఏడాదిగా ఇదే నా జవాబు.

ఇవాళ మెలికొమ్ము నా కొమ్మ కిందే చతికిలబడ్డాడు. "ఓడానన్నా సరేరా. చెప్పెయ్, పడుకుంటాం."

ఇక దాచలేకపోయాను.

"నాకూ తెలీదు మావా. మీరు ఢీకొనే వేళకి భయమేసి, తోకతో కళ్లు మూసుకున్నాను."