గిట్టుబాటు

“ఆ హోటలు కార్డు మనకెందుకండీ? రద్దు చేసెయ్యండి,” అంది ఆమె, ఉతికిన దుప్పటి కొసలు రెండూ కలిపి పట్టుకుని.

“పిచ్చిదానా, లెక్క విను. ఏడాదికి ఫీజు పదివేలు. దానికి ఒక రాత్రి గది ఉచితం. ఆ గది అద్దే పన్నెండు వేలు. పొద్దున్నే ఫలహారం కూడా వాళ్ళదే!”

“రానుపోను టాక్సీ? అక్కడ కప్పు కాఫీకి ఐదొందలు? మనింట్లో మంచం లేదా?”

“పెళ్ళయి మూడు నెలలు కాలేదు, మొగుడు హోటలుకి తీసుకెళ్తానంటే రానంటున్నావ్. విడ్డూరం!”

ఆమె నవ్వేసింది. ఆ హోటల్లో నాలుగో అంతస్తు గదులు తుడిచేది ఆమె నాన్న. పెళ్ళిచూపుల్లో “నాన్న హోటల్ మేనేజరు” అని నోరు జారింది తనే. నాన్న కాదనలేదు, తల వంచుకున్నాడంతే. రేపు వరండాలో తుడుపుకర్రతో అల్లుడికి ఎదురుపడితే?

వారం రోజులు పోరింది. అలిగింది, బతిమాలింది, కాగితం మీద కూడికలు వేసి మరీ చూపించింది. కార్డు రద్దుకి గడువు శుక్రవారంతో ఆఖరు.

శుక్రవారం సాయంత్రం అతను బూట్లు విప్పుతూ, “నువ్వే గెలిచావ్ తల్లీ. ఆఫీసు నుంచి వస్తూ ఆ హోటలుకే వెళ్ళి, ఇవాళే రద్దు చేయించేశాను,” అన్నాడు.

“నా బంగారం!” అని బుగ్గ మీద ముద్దుపెట్టి వంటింట్లోకి పరుగెత్తింది. పాలు పొంగేలోగా కూనిరాగం కూడా తీసింది. ఫోను మోగింది.

“అమ్మలూ, కంగారుపడకు. నన్ను పనిలోంచి తీసేశారు,” అన్నాడు నాన్న.

“ఎందుకు నాన్నా? ఏమైంది?”

“ఏమోనమ్మా. ఎవరో పెద్ద కార్డున్న కస్టమరట. నా పేరు చెప్పి మరీ ఫిర్యాదు చేశాడట. నన్ను తీసేస్తే తప్ప మళ్ళీ ఆ గడప తొక్కనన్నాడట. నేనాయన మొహమైనా చూడలేదు. పోనీలే, అల్లుడుగారికి మాత్రం చెప్పకు.”

ఆమె కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

“ఫోన్లో మేనేజరు మామగారేనా?” కప్పు అందుకుంటూ అన్నాడతను. “ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఫీజు దండగేం కాదోయ్. ఒక్క ఫిర్యాదుతో మొత్తం గిట్టింది.”