మంచులో పడ్డవాడు

"ఒక్క పేరు, తాయా. ఇంటిపేరు దొరక్కపోయినా ఫరవాలేదు. పేరు కనుక్కునిరా, చాలు."

అగ్రఫేనా మంచం మీద నుంచే చెప్పింది. మనవరాలు తాయా బూట్లు తొడుక్కుంటోంది. మనిషి అంతరిక్షంలోకి వెళ్ళిన తొలిరోజుల నాటి ఫోటోలు పట్నం మ్యూజియంలో పెట్టారని పేపర్లో పడింది. ఇన్నాళ్ళూ బీరువాల్లో దాచి ఉంచినవట. వాళ్ళ ఊరి దగ్గర కామా నది పక్క పొలాల్లో తీసినవి కూడా ఉన్నాయట.

"ఇరవై తొమ్మిదేళ్ళయింది అమ్మమ్మా. ఫోటో పెడితే పెడతారు గానీ, పేరు కూడా రాస్తారా?"

"ఇప్పుడు అన్నీ బయటపెడుతున్నారుగా. ఆ ఒక్కటీ దాచుకుని ఏం చేసుకుంటారు?"

అది అరవై ఒకటో సంవత్సరం మార్చి నెల. అగ్రఫేనాకు అప్పుడు యాభై ఏడేళ్ళు. వాములోంచి ఎండుగడ్డి తేవడానికి పొలంలోకి వెళ్ళింది. ఆకాశంలోంచి పారాచూట్ వేసుకుని ఒక మనిషి దిగాడు. నారింజ రంగు దుస్తులు, తెల్లటి హెల్మెట్. మంచులో వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

మోకాటి లోతు మంచులో పడుతూ లేస్తూ అతని దగ్గరికి వెళ్ళింది. హెల్మెట్ అద్దం వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి. "నాయనా, నాయనా" అని పిలిచింది. పలకలేదు. తన శాలువా తీసి అతనికి కప్పి, చెయ్యి పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి సైనికులు వచ్చారు. ఒక్కడూ పరుగెత్తలేదు. డాక్టరు కోసం కేకేయలేదు. ఇద్దరు సిగరెట్లు వెలిగించారు. ఇంకొకడు కెమెరా తీసి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు.

"చూస్తూ నిలబడ్డారేంట్రా! చలికి కొయ్యబారిపోతున్నాడు మనిషి!"

"ఆయనకు చలెయ్యదులే పెద్దమ్మా," అని ఒక కుర్ర సైనికుడు నవ్వాడు.

అగ్రఫేనా వాడి చెంప పగలగొట్టింది.

అధికారి ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. మంచివాడే, గొంతు పెంచలేదు. "ఇక్కడ ఎవరూ చనిపోలేదు పెద్దమ్మా. ఇంతకుమించి నేను చెప్పకూడదు. నువ్వూ ఎవరికీ చెప్పకూడదు," అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

ఎవరూ చనిపోలేదట! ఆమె కొడుకు ఫెద్యా పద్దెనిమిదేళ్ళకు యుద్ధానికి వెళ్ళాడు. ఆచూకీ తెలియడం లేదని ఒక చీటీ వచ్చింది. అంతే. ఏ మట్టిలో ఉన్నాడో కూడా ఆమెకు తెలియదు.

"నా ఫెద్యా పడిపోయినప్పుడూ ఎవరో ఒకరు చూసే ఉంటారు. చూసి నోరు మూసుకున్నారు. నేను మూసుకోను," అంది.

నెల తిరగకుండానే మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్ళి క్షేమంగా దిగాడని రేడియోలో చెప్పారు. ఊరంతా వీధిలోకొచ్చి నాట్యమాడింది. అగ్రఫేనా తలుపేసుకుని కూర్చుంది. "ముందు వెళ్ళినవాడు మన పొలంలో పోయాడు. వాడికి దండ వేసేవాళ్ళు లేరా?" అంది.

శ్మశానంలో ఒక మూల బర్చ్ చెట్టు కర్రతో శిలువ పాతింది. ఊరి పెద్దలు పీకేశారు. మళ్ళీ పాతింది. ఏటా మార్చిలో మాస్కోకు ఉత్తరం రాసేది. ఏటా ఒకటే జవాబు: "మీరు చెప్పిన రోజున, మీరు చెప్పిన చోట ఏ మనిషీ చనిపోలేదు." ఆ ఉత్తరాల మూలంగా ఆమె కూతురికి, అంటే తాయా తల్లికి, పట్నంలో ఉద్యోగం పోయింది. కూతురు పదేళ్ళు మాట్లాడలేదు. అయినా ఉత్తరాలు ఆగలేదు.

మ్యూజియంలో ఆ ఫోటో కిటికీ పక్కనే ఉంది. మంచు, మంచులో వెల్లకిలా పడి ఉన్న ఆకారం. పక్కన మోకాళ్ళ మీద ఒక ఆడమనిషి, ఎవరిమీదో నోరు తెరిచి అరుస్తోంది. తాయా అమ్మమ్మను గుర్తుపట్టింది. ఫోటో కింద నాలుగు వరుసలు అచ్చువేశారు. వాటిని రెండుసార్లు చదివి, గోడ పట్టుకుని నిలబడింది.

"ఏమైందమ్మాయ్? మంచినీళ్ళు తేనా?" అంది అక్కడ కాపలా ఉన్నావిడ.

"ఈవిడ మా అమ్మమ్మ," అంది తాయా. కాగితం తీసి ఆ నాలుగు వరుసలూ రాసుకుంది.

ఇల్లు చేరేసరికి అగ్రఫేనా దిండుకు ఆనుకుని వాకిలి వైపే చూస్తోంది.

"దొరికిందా?"

"దొరికింది. ఇవాన్ ఇవానోవిచ్."

"వాన్యా," అంది అగ్రఫేనా, ఇవాన్‌ను ముద్దుగా పిలుస్తూ. ఇంకోసారి, మెల్లగా, "వాన్యా" అంది. తర్వాత అడిగింది. "వాళ్ళమ్మకు తెలిసిందా?"

తాయా కోటు విప్పడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మ లేదు అమ్మమ్మా. ఆయనకు ఎవరూ లేరు."

"అయితే ఇన్నేళ్ళూ వాడికోసం ఏడ్చింది నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే."

"పోన్లే. ఒక్కరైనా ఏడ్చారు."

నాలుగో రోజున పోయింది. ఆమె కోరినట్టే ఆ శిలువ పక్కనే పూడ్చారు. శిలువ మీద తాయా దగ్గరుండి పేరు చెక్కించింది. ఊళ్ళో మగవాళ్ళు టోపీలు తీసి ఇద్దరికీ కలిపి తలలు వంచారు. ఒకప్పుడు శిలువ పీకినవాళ్ళలో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక తాయా మ్యూజియంలో రాసుకున్న కాగితం తీసి చదువుకుంది: "ఇవాన్ ఇవానోవిచ్ (పనివాళ్ళు సరదాగా పెట్టుకున్న పేరు): మొదటి మనిషిని అంతరిక్షంలోకి పంపే ముందు, పరీక్ష కోసం అతని సీట్లో కూర్చోబెట్టి పంపిన రబ్బరు బొమ్మ."