ఊడిపోయే గొట్టం

రిటైరైన మామయ్య తన పాత కారుకి, కార్బ్యురేటర్ తీయకుండానే, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో బిగించడం నాకు నేర్పుతున్నారు. ఈ ఆదివారం కూడా అది ఎత్తు ఎక్కుతూ చతికిలబడింది.

బానెట్ తెరిచాం. టర్బో గాలిని పెట్రోలు పంపుకి చేర్చే సన్న గొట్టం మళ్ళీ ఊడి ఉంది. పంపుకి కూడా ఆ ఒత్తిడి అందకపోతే, కార్బ్యురేటర్‌లోకి వచ్చే గాలి పెట్రోలుని వెనక్కి నెట్టేస్తుంది.

"క్లిప్పు బిగించడం కూడా రాకపోతే ఎలా అల్లుడూ? మళ్ళీ మొదటినుంచి చెప్తా పద," అన్నారు మామయ్య హుషారుగా.

భోజనాలయ్యాక నేను షెడ్డులోకి వెళ్ళేసరికి బానెట్ కింద అత్తయ్య ఉంది, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు.

"ఇది బాగైందంటే ఆయన మళ్ళీ వంటింట్లో చేరి, నాకు కూరలు తరగడం నేర్పుతారు," అంది గొట్టం ఊడదీస్తూ. "నువ్వేమీ తొందరపడి నేర్చేసుకోకు నాయనా."