నాలుగూ పెద్దవే

ప్యారిస్ ల్యాబ్‌లో ఈసారి కూడా నాలుగు ఈస్టు పిల్లలూ పెద్దవే. పళ్లెంలో చిన్న చుక్కగా పెరిగే ఈస్టునీ, పెద్ద చుక్కగా పెరిగేదాన్నీ జతకట్టిస్తే సగం చిన్నవి రావాలి.

"సూదితో చేశావా, కాఫీ చెంచాతోనా?" అన్నాడు ప్రొఫెసర్ గిల్బో. "ఎక్కడో పెద్ద ఈస్టు అంటింది. మళ్లీ చెయ్."

ఆ జతలు కట్టించిన శిష్యురాలు ఒడెత్‌కి ఒళ్లు మండింది. "ఇక నావల్ల కాదు ప్రొఫెసర్ గారూ. మీరే చెయ్యండి," అని సూది ఆయన చేతిలో పెట్టింది.

బొగ్గు దొరకని చలిలో, కోటు విప్పకుండానే ఆయన జతకట్టించాడు.

వారం తర్వాత పళ్లెం మూత తీశారు. నాలుగూ పెద్దవే.

గిల్బో కళ్లజోడు తుడుచుకున్నాడు. "నీ పొరపాటు నాకూ అంటుకున్నట్టుందమ్మాయ్."

విసుగ్గా మూత పెట్టబోయి ఒడెత్ ఆగిపోయింది.

"సూదికేం అంటలేదండీ. జతకట్టినప్పుడు రెండిటి ఒళ్లూ ఒకటవుతాయి కదా. ఆ గుణం కేంద్రకంలో ఉంటే సగం పిల్లలకే వెళ్లేది. అది కేంద్రకం బయట, కణం ఒంట్లోనే ఉంది, అందుకే నాలుగింటికీ వచ్చింది. పెద్దదాన్నించి చిన్నదానికి అంటుకుంటున్నది అదే."