పది వేళ్ళూ ఉన్నవాడు

"దించండి! ముందా చేతులు దించండి!" గెస్ట్‌హౌస్ వరండా అదిరేలా కేకేశాడు అచ్చిబాబు.

మంత్రిగారికి నమస్కారం ఎలా పెడతారో ఒకసారి చూద్దామని, రంపపు మిల్లుల నుంచి తెచ్చిన పనివాళ్ళని వరసగా నిలబెట్టాడు. అందరూ భక్తిగా చేతులు జోడించారు. యెహెజ్కేలుకి చూపుడువేలు లేదు. పక్కవాడికి రెండు వేళ్ళు లేవు. ఆ పక్కవాడిది మొండి బొటనవేలు. మిల్లుల్లో పాతవాళ్ళంటే అంతే. విడివిడిగా రోజూ చూసే చేతులే గానీ, ఇలా వరసలో చూసేసరికి అచ్చిబాబుకి గుండె జారిపోయింది.

"చేతులు వెనక్కి పెట్టుకోమంటే సరి కదండీ?" అన్నాడు అతని మిల్లు మేనేజరు తాతాజీ.

"మంత్రిగారి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారా? బుర్రుందా నీకు?"

"పోనీ మేం వెళ్ళిపోతామండి," అన్నాడు యెహెజ్కేలు, వేలు లేని చేతిని లుంగీ మడతలో దాచుకుంటూ. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ఎవరూ పట్టించుకోలేదు.

అచ్చిబాబు రాజమండ్రి కలప వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. సంఘం తరఫున మంత్రిగారిని అడగాల్సినవి రెండున్నాయి. కాకినాడ రేవులో దిగే విదేశీ దుంగల మీద పన్ను తగ్గించమనడం ఒకటి. అదెలాగూ ఏటా అడిగేదే. రెండోదే గొంతులో పడ్డ పచ్చి వెలక్కాయ. ప్రతి రంపానికీ పళ్ళు కప్పేలా ఇనప గార్డు బిగించాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. గార్డు పెడితే పని నత్తనడక నడుస్తుంది. దాన్ని రద్దు చేయించాలి. 'మా పనివాళ్ళే వద్దంటున్నారండి' అని చెప్పడానికి వీళ్ళని లారీలో తెప్పించాడు. తీరా చూస్తే ఈ చేతులు.

"వేళ్ళన్నీ ఉన్నవాడు ఒక్కడైనా దొరకడా మన మిల్లులో?"

తాతాజీ స్కూటరు మీద పరుగెత్తాడు. ఆ పనివాళ్ళందర్నీ గెస్ట్‌హౌస్ వెనక్కి తోలేశారు. కాసేపటికి తాతాజీ ఒక పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఆయన గుండు మీద తెల్ల వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. తిరపతి వెళ్ళొచ్చినట్టున్నాడు అనుకున్నాడు అచ్చిబాబు.

"పేరేంటయ్యా?"

"చిట్టియ్యండి."

"ఏదీ, చేతులు?"

చాపాడు. పదీ ఉన్నాయి. అచ్చిబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మాట్లాడ్డం అంతా నేను చూసుకుంటాను. నువ్వు దణ్ణం పెట్టి, అయ్యగారి మాటే మా మాటండి అను. చాలు."

"గార్డు సంగతేనాండి?"

"ఆ, అదే. తాతాజీ చెప్పాడా?"

"ఆయ్, చెప్పారండి. అందుకే వచ్చానండి."

మంత్రిగారు వచ్చారు. అచ్చిబాబు సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో ఎగ్జంప్షన్ గురించీ, ప్రొడక్షన్ గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చిట్టియ్య అర్థమైనట్టే తలూపుతూ నిలబడ్డాడు.

"పనివాళ్ళకి ప్రమాదం అంటున్నారు కదండీ మావాళ్ళు?" అన్నారు మంత్రిగారు, పక్కనున్న ఆఫీసరుని చూపిస్తూ.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? ఇడుగో, మా మిల్లు మనిషి. మీరే చూడండి."

చిట్టియ్య ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. మంత్రిగారు ఆ చేతులు పట్టుకుని తిప్పి చూశారు.

"రంపం దగ్గరేనా పని?"

"ఆయ్ బాబయ్యా, రంపం దగ్గరేనండి."

"వేళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయే!" ఆఫీసరు తల దించుకున్నాడు. "మరి అచ్చిబాబు గారు అడిగింది నీకిష్టమేనా?"

"అయ్యగారి మాటే మా మాటండి. కాదనకండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది!" అంటూ చిట్టియ్య గభాలున మంత్రిగారి కాళ్ళ మీద పడి భోరుమన్నాడు.

అచ్చిబాబు నిర్ఘాంతపోయాడు. ఏడవమని ఎవరూ చెప్పలేదు. మంత్రిగారి మనసు కరిగిపోయింది. ముసలాయన్ని లేవనెత్తి, "సరే సరే, అయిపోయిందనుకోండి," అన్నారు.

కారు గేటు దాటగానే వ్యాపారులు ఒకరినొకరు కావలించుకున్నారు. అచ్చిబాబు తన మెడలో దండ తీసి చిట్టియ్య మెడలో వేశాడు.

"భలే ఏడ్చావయ్యా! నా కళ్ళలోనే నీళ్ళు తిరిగాయనుకో. ఎలా వచ్చింది అంత ఏడుపు?"

"మా దుర్గాసాయి గుర్తొచ్చాడండి."

ఆ పేరు అచ్చిబాబుకి తెలుసు. పోయిన నెల తన మిల్లులో పెద్దరంపం లాక్కుంది ఆ కుర్రాణ్ణే. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఆ ఇంట్లో ఎవరికైనా వాడి పని ఇమ్మని తానే చెప్పాడు. చెప్పి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. వచ్చింది ఎవరని మాత్రం అడగలేదు. తాతాజీ వైపు చూస్తే తాతాజీ నేల చూపులు చూస్తున్నాడు.

"పెళ్ళి కాలేదు కదండీ వాడికి. కన్నతండ్రిని, నేనే కర్మ చేశాను," అన్నాడు చిట్టియ్య, గుండు తడుముకుంటూ. "తమరు దయతలిచి వాడి పని నాకిప్పించారు. సోమవారమే చేరానండి."

దండలో పూలు రాలుతున్నా చూసుకోకుండా, చిట్టియ్య మళ్ళీ పది వేళ్ళూ జోడించాడు.

"తమరు అడగబట్టి మంత్రిగారు ఒప్పుకున్నారు, మీ మేలు మర్చిపోనండి. మరి గార్డు... మావాడు పోయిన రంపానికే ముందు బిగిస్తారు కదండీ?"