పెంటయ్య ఇంటి ఎండ వార్తలు

పెంటయ్య ఒక కాలు చెప్పులో పెట్టాడు. వంటింట్లో కోడలు భాగ్యమ్మ గుండె గుభేలుమంది.

అది 1949, మే నెల. మిట్టమధ్యాహ్నం. కొత్తగూడలో కాకులు కూడా అరవడం మానుకున్న ఎండ. ఈ పెద్దమనిషి ఇప్పుడు రెండు కోసుల దూరం, కాలే బండల మీదుగా, మణికొండ దాకా నడుస్తాడట. అంత రాచకార్యం ఏమిటంటే, అక్కడి పశువుల కాపరి పోచయ్యతో పులిజూదం! పోచయ్య పశువులను నీడకు తోలి తీరిక చేసుకునేది ఆ వేళకే మరి.

కిందటి ఎండాకాలం ఇలాగే వెళ్లి దారిలో పడిపోతే, ఎడ్లబండిలో వేసుకొచ్చారు. "ఇంకోసారి వడదెబ్బ తగిలితే మనిషి దక్కడు" అని వైద్యుడు తేల్చేశాడు.

ఆగమని చెబుదామంటే భాగ్యమ్మ కోడలాయె. ఆ ఇళ్లల్లో కోడలు మామతో మాట్లాడకూడదు. ఏదైనా మొగుడితో చెప్పించాల్సిందే. మొగుడు వీరేశమేమో పట్నంలో ఒక దొర గారి దేవిడిలో తోటమాలి. పదిహేను రోజులకోసారి వస్తాడు. చెప్పించడానికి అత్త కూడా లేదు, కాలం చేసి మూడేళ్లయింది. నిన్న మామకు వినబడేలా లేగదూడతో "ఎండల పోకే, సస్తవు" అని చెప్పి చూసింది. దూడ బుద్ధిగా కొట్టంలోకి వెళ్లి పడుకుంది. మామ మణికొండ వెళ్లాడు.

నడింట్లో వాడకట్టు పది ఇళ్ల జనమూ కూర్చుని ఉన్నారు. రాత్రి పొద్దుపోయాక వచ్చిన వీరేశం తెల్లారకముందే వెళ్తూ వెళ్తూ, దొర పక్కన పడేసిన రేడియోను తెచ్చి గోడ గూట్లో పెట్టి వెళ్లాడు. ఆ గూటికి వెనక వంటింట్లోకి కంత ఉంది, ఒక్క దీపమే రెండు గదులకూ వెలుతురివ్వాలని.

"నేడు ఎండ తీవ్రత మిక్కిలి..." అని రేడియో గురగురలాడి ఆగిపోయింది.

పెంటయ్య రెండో కాలు కూడా చెప్పులో పెట్టాడు.

"...అధికముగా నున్నది!" అంది రేడియో.

ఆ ధైర్యం ఎలా వచ్చిందో భాగ్యమ్మకే తెలియదు. ఖాళీ కుండలో మూతి పెట్టి, కుండను కంతకు ఆనించి, ఒకే గుక్కలో కానిచ్చేసింది. "ముసలివారు గడప దాటరాదు. దాటినచో సర్కారు ఊరుకోదు!"

పెంటయ్య గూటి వంక కాసేపు చూశాడు. చెప్పులు విడిచాడు.

భాగ్యమ్మకు కుండను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆ తర్వాత పెట్టె తనంతట తాను పలికిందే లేదు. బ్యాటరీ అయిపోయిందనుకుని ఆమె కొంగు నడుముకు బిగించింది. రోజూ మధ్యాహ్నం పెంటయ్య పెట్టె మీట తిప్పుతాడు. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వడు. చెయ్యి వేయబోయిన వాళ్ల చెయ్యి తోసేస్తాడు. మీట టక్కుమనగానే వార్తలు మొదలు.

"ప్రతి ఇంటి ముంగల నీళ్ల కుండ పెట్టవలెను. మొలలో ఉల్లిగడ్డ దోపుకోవలెను. పొద్దు వాలినాక పక్కింటి వారిని పిలిచి పలుకరించవలెను. పలుకకున్నచో తలుపు తోయవలెను."

వాడకట్టంతా చెప్పింది చెప్పినట్టు చేసింది. పైగా ఈ రేడియో జవాబులు కూడా ఇస్తుందాయె!

"అవ్ రేడియో, వడియాలు ఎండవెట్టుకోవచ్చా?" అంది పక్కింటి బుచ్చమ్మ.

"పెట్టవచ్చును. వాటి పక్కన మీరు కూర్చోరాదు."

సాయిలుకు అనుమానం వచ్చింది. "ఏందే పెంటన్నా, పట్నంల ఉన్నోనికి మన వడియాల ముచ్చట ఎట్ల వినవడ్డది?"

"సర్కారుకు తెల్వనిది ఉంటదా? నోర్మూసుకొని ఇను" అని కసిరాడు పెంటయ్య. తర్వాత పెట్టె దగ్గరకు జరిగాడు. "ఇయ్యాల జర మబ్బు వట్టినట్టుంది. మణికొండకు పోయి రానా మరి?"

"అయ్యో, వద్దు మామా!"

నడింట్లో తలలన్నీ గూటి వైపు తిరిగాయి. పెట్టె దగ్గింది. "అనగా... మామలు, బావలు, తాతలు, ఎవ్వరునూ పోరాదు."

"ఇన్నరా? మామలల్ల నేనూ ఉన్న" అని పెంటయ్య తృప్తిగా తల ఊపాడు. "ఈ పూట ఏం తాగుమంటవ్ మరి?"

"సల్ల. ఉప్పేసుకొని. రెండు చెంబులు."

తాగాడు. మర్నాడు ఎన్ని చెంబులో అడిగి మరీ తాగాడు. పిల్లాడిలా మధ్యాహ్నం కోసం ఎదురుచూసేవాడు. భాగ్యమ్మ కుండ చాటున నోరు నొక్కుకుని నవ్వేది. ఆ పదిహేను రోజుల్లో పది ఇళ్లలో ఒక్కరికీ వడదెబ్బ తగల్లేదు.

పదహారో రోజు సరిగ్గా వార్తల వేళకు వీరేశం ఊడిపడ్డాడు. చేతిలో కొత్త బ్యాటరీ! అసలు గొంతు పలికితే తన గుట్టు రట్టవుతుంది. గుట్టు రట్టయితే మామ ఈ పూటే మణికొండ బాట పడతాడు. ఆపే దిక్కుండదు.

వీరేశం పెట్టె వెనక పలక విప్పి నోరు తెరిచాడు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"పాత బ్యాటరీ ఏది?"

"అది లేకుండ గిన్ని దినాలు ఎట్ల మాట్లాడిందిరా?" అంటూ సాయిలు లేచి నిలబడ్డాడు.

కంత అవతల భాగ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెంటయ్య మెల్లగా గూటి దగ్గరకు నడిచాడు. పెట్టెకు నోరు ఆనించి, ఆమెకు మాత్రమే వినబడేంత చిన్నగా అన్నాడు.

"కొత్తది ఎయ్యొద్దని నీ మొగనికి జర చెప్పు బిడ్డా, సర్కారోడు మళ్ల మాట్లాడితె నువ్వు బంద్ చేస్తవని, పాతది తొలిదినమే నేనే పీకి వడ్ల గుమ్మిల దాసిన."