తాయారమ్మ ఫాంటు

గోడల్లోని అచ్చుయంత్రాలతో ఇంటి సామానంతా చేసే కంపెనీ ఉగాదికి తన ఫాంటు, అంటే అక్షరాల తీరు, మార్చేసరికి, కాకినాడలో అందరి ఇళ్లలాగే తాయారమ్మ ఇల్లూ రాత్రికి రాత్రి మారిపోయింది. అక్షరాల ఆకారంలో ఉండే కుర్చీలు, చెంచాలు, డబ్బా మూతలు అన్నీ సన్నబడి నాజూగ్గా తయారయ్యాయి. చూపు మందగించిన తాయారమ్మ వేళ్లకు మాత్రం ఉప్పు మూత ‘ఉ’, పంచదార మూత ‘ప’ ఒకేలా తగిలాయి. ఉప్పనుకుని చారులో పంచదార పోసింది.

"ఇంక చాల్లేమ్మా. రేపట్నించి వంటమర చేస్తుంది, నువ్వు హాయిగా కూర్చో," అన్నాడు కొడుకు శేషగిరి.

"కూర్చుని ఏం చెయ్యనురా, నీ మొహం చూడనా? అదీ సరిగ్గా కనపడి చావదు."

అతను ఆఫీసుకు వెళ్లగానే ఆవిడ చపాతీ పిండి తీసుకుని, దొండకాయంత లావున ‘ఉ’ చేసింది. తర్వాత ‘ప’ చేసింది. మనవరాలు హిమజను పిలిచి, "వీటిని చూసి మూతలు చెయ్యమనవే," అంది.

గోడలోని అచ్చుయంత్రం పిండిని కాసేపు పరికించింది. "ఈ అక్షరాలు అందంగా లేవు. సరిచేయమంటారా?"

"వద్దను."

"కాస్త వంకర తీయిస్తే బావుంటుందేమో నానమ్మా," అంది హిమజ.

"ఆ వంకరే నా వేలికి గుర్తు. వద్దను."

యంత్రం మళ్లీ అడిగింది. ఈసారి తాయారమ్మే గోడవైపు తిరిగింది. "నీకు వేళ్లున్నాయా? లేవుగా. చెప్పింది చెయ్యి."

మధ్యాహ్నానికి లావుపాటి మూతలు వచ్చాయి. రాత్రి శేషగిరి రెండోసారి చారు పోసుకున్నాడు. వంటమర మాట ఎత్తలేదు.

"బావుందా?"

"బావుందమ్మా."

"అయితే రేపు సెలవు పెట్టు. పొయ్యి బటన్లు, పోపుడబ్బా, ఇంకా చాలా ఉన్నాయి. పిండి నువ్వే కలపాలి."